గవ్వలపేటకు ఇరుగు పొరుగు

కార్తీక బహుళ పంచమి

తుపాను దాటిపోయింది. ఊరు మళ్లీ కలగాపులగమైంది. అంటే మాకు పని తగిలింది.

నా పేరు నూకరత్నం. తెప్పలూరు దర్శినికి ఉత్తర భాగం సంపాదకురాలిని. ఏటా తుపాను వెళ్లగానే ఈ రోజువారీ రాతలు మొదలుపెడతాను. ఎవరూ చదవరు. అయినా రాస్తాను, ఎందుకంటే నోట్లో మాట నోట్లోనే దాచుకునే గుణం మా వంశంలో లేదు.

మా ఊరు ఒకచోట నిలిచే ఊరు కాదు. గాలి ముదురుతోందని కబురు రాగానే పేటలన్నీ కట్లు విప్పుకుని దేనికది సముద్రం మీదికి చెదిరిపోతాయి. కలిసే ఉంటే ఒకదాన్నొకటి గుద్దుకుని చెక్కలైపోతాయి మరి. గాలి తగ్గాక ఒక్కొక్కటే తిరిగొచ్చి, దొరికినచోట కట్టుకుంటుంది. నిరుడు వైద్యుడి పక్కన తేలిన ముసలమ్మ ఈ ఏడు చేపల బజారు పక్కన తేలుతుంది. మోకాళ్ల నొప్పికి మందు కోసం బయల్దేరి రొయ్యలు కొనుక్కుని ఇంటికొస్తుంది.

అలా జరక్కుండా చూడటానికే దర్శిని. ఇంటింటి గోడకూ ఒక పలక ఉంటుంది. ఆ పలక మీద ఊరంతా ఉంటుంది. బడి ఎక్కడ, మంత్రసాని ఎక్కడ, ఏ పేట ఏ పేట పక్కన చేరింది, అన్నీ. మనిషి లేకుండా నడిచే నీళ్లపడవలు కూడా దర్శినినే చదువుకుని గడపగడపకూ మంచినీళ్లు తెస్తాయి. మార్గశిర పౌర్ణమి పోటుకు కొత్త కూర్పు మీద ముద్ర పడుతుంది. అప్పుడు ఊళ్లో ప్రతి పలక మీదా పాతది చెరిగిపోయి కొత్తది తేలుతుంది. ఈలోగా మేం ఊరంతా తిరిగి రాసుకురావాలి.

రేపటినుంచి నా పడవ, నేను, నా పొట్ట. మూడూ గట్టివే.

కార్తీక బహుళ దశమి

పొట్ట సంగతి ఎందుకన్నానో ఇప్పుడు రాస్తాను.

ఆకాశంలోంచి చోటు చెప్పే యంత్రాలు మా తాతల నాడే మూగబోయాయి. సముద్రంలో ఆనవాలుకు చెట్టుందా, గుట్టుందా? అందుకని మా పెద్దలు చిరునామాను మనుషుల మీద పెట్టారు. ఏ పేటకైనా చిరునామా అంటే రెండే మాటలు: ఇరుగు ఎవరు, పొరుగు ఎవరు. పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఇరుగైపోరు. మధ్య వంతెన బల్ల వేయాలి. ఇటు నుంచి ఒక కూర గిన్నె అటు దాటాలి, అటు నుంచి ఒకటి ఇటు రావాలి. రెండూ సంపాదకుల కళ్లముందు దాటాలి, సంపాదకులు రెండూ రుచి చూడాలి. అప్పుడే రాస్తాం. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, వరసగా అయిదు రోజులు పొరుగిళ్ల పుల్లకూరలు తినిచూడండి.

ఈ పూట నెత్తళ్లపేటలో గిన్నెలు దాటించాను. పేటపెద్ద దానయ్యకు ఈసారి ఇరుగు సన్నజాజిపేట. అక్కడివాళ్లు పూలు కట్టుకుంటూ, పాడుకుంటూ బతికే మెత్తటి మనుషులు. ఇరవై ఏళ్లుగా నెత్తళ్లపేట పక్కనే పట్టుబట్టి కట్టుకునేది గవ్వలపేట. రెండింటికీ రోజూ తగువే. ఎండబెట్టిన నెత్తళ్ల వాసన పీల్చలేక చస్తున్నామని వాళ్లు, గవ్వలు నూరే మోతకు పసిపిల్లలు నిద్రపోవడం లేదని వీళ్లు.

"గవ్వలపేటోళ్లు ఇంకా రానేదా మామా?" అని అడిగాను.

"రానేదు. పీడ ఒగ్గింది," అన్నాడు దానయ్య. అని, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని సముద్రం వైపు చూశాడు. నేను గిన్నెలో నెత్తళ్ల ఇగురు పూర్తిచేసేదాకా అటే చూస్తూ నిలబడ్డాడు.

మిగతా పేటలన్నీ వచ్చేశాయి. గవ్వలపేట ఒక్కటే రాలేదు. మూడువందల గడపల పేట.

కార్తీక అమావాస్య

దొరికారు! దొరికారు! దొరికారు!

మూడుసార్లు రాశానని ఎవరైనా నవ్వితే నవ్వనీ. పడమటివైపు వలవేయడానికి వెళ్లినవాళ్లు పొగ చూసి కబురు తెస్తే, నేను తెడ్డు లాక్కుని వెళ్లాను. అక్కడ సముద్రం లోతు తక్కువ. అడుగున మునిగిపోయిన పాత ఊరుంది. ఒకప్పుడు ఎవరో కట్టుకున్న పెద్ద అంతస్తుల మేడ ఒకటి పైకప్పుదాకా మునిగి నిలబడి ఉంది. ఆ పైకప్పు మీద గవ్వలపేట, అరుగు మీద చాప పరిచినట్టు, తీరిగ్గా కూర్చుని ఉంది.

పైడమ్మ ఆ పేటకు పెద్ద, ఊరివరసకు నాకు అప్ప, అంటే అక్క. నన్ను చూడగానే చీర చెంగుతో కళ్లు తుడుచుకుని, వెంటనే నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇప్పుడా రావడం? మేడ మీద కాపురమెట్టాలని సిన్నప్పట్నుంచీ ఆశ నాకు. ఇదిగో, పేటంతటితో ఎక్కేసినాం. సూడు ఎలగుందో."

"అందరూ బాగేనా అప్పా?"

"మనుసులు బాగే. అడుగు పీపాలే నుజ్జయిపోనాయి. సగం తెప్ప గాల్లోనే ఉన్నాది. మేడ లేకపోతే ములిగిపోదుం."

వడ్రంగులు కిందికి మునిగి చూసొచ్చారట. కొత్త పీపాలు కట్టి లేపాలంటే వేసవి రావాలి. లాక్కుపోదామంటే తెప్ప రెండుగా చీలుతుంది. తుపాను వాన తొట్లలో పట్టుకున్నారు కాబట్టి ఇన్నాళ్లూ గొంతులు తడిశాయి. తొట్లు ఇప్పుడు సగానికి వచ్చాయి. నీళ్లపడవలు వీళ్లకోసం పాత చిరునామాకు వెళ్లి, అక్కడ సన్నజాజిపేటను చూసి వెనక్కి తిరిగిపోతున్నాయి.

"కొత్త దర్శినిలో రాసేత్తావు గదా, అప్పుడొత్తాయిలే పడవలు," అంది పైడమ్మ.

రాసేస్తాను అప్పా అన్నాను. అనేసి, సంచిలోంచి కాగితం తీసి, "గవ్వలపేట, ఇరుగు" దాకా రాసి ఆగిపోయాను. ఇటు చూస్తే సముద్రం, అటు చూస్తే సముద్రం. నాలుగు పేటల దూరంలో ఊరి అంచు కనపడుతోంది.

మార్గశిర శుద్ధ విదియ

ఒకే సంగతి మీద రెండు రోజులుగా కార్యాలయంలో కేకలు. అన్నీ నావే.

దర్శినిలో పేరు లేని పేటను విప్పేస్తారు. అది మా ఊరి కట్టుబాటు. బల్లలు, పీపాలు, తాళ్లు అవసరమున్న పేటలకు పంచుతారు. మనుషులను కూడా అలాగే పంచుతారు, ఇంటికొకరుగా, మిగిలిన పేటల్లోకి. పౌర్ణమి నాటికి గవ్వలపేటకు ఇరుగూ పొరుగూ రాయలేకపోతే గవ్వలపేట అనేది ఇక ఉండదు.

మా ప్రధాన సంపాదకుడు కూర్మయ్య గారు మంచివారు, చదువరి, నెమ్మదస్తుడు. ఒకటే లోపం: పడవెక్కితే వాంతి. తెప్పలూరులో పుట్టి పడవ పడని మనిషి ఆయనొక్కడే. అందుకే ముప్ఫై ఏళ్లుగా మూలతెప్ప దిగలేదు. మా కార్యాలయం ఉన్నది దానిమీదే. ఊరి నడిబొడ్డున, సముద్రం అడుగున పాతిన దిమ్మలకు ఇనప గొలుసులతో కట్టి ఉంటుంది. తుపానుకు కూడా కదలని తెప్ప అదొక్కటే. ఊరి లెక్క అక్కడినుంచే మొదలు కాబట్టి దానికి మాత్రం ఇరుగు పొరుగు అక్కర్లేదు. మిగతా పేటలు దాని చుట్టూ వలయాలుగా కట్టుకుంటాయి.

"వేరే గడి ఒకటి పెడదాం మాస్టారూ. ఒంటరి పేట అని," అన్నాను.

"పడవలకు రెండు గడులే చదవడం వచ్చునమ్మా. మూడోది పెడితే ఊరంతటికీ నీళ్లు ఆగిపోతాయి. వాటికి చదువు చెప్పినవాళ్లు ఇప్పుడు లేరు."

ఆయన భోజనానికి లేచాక, నేనే దర్శిని యంత్రం ముందు కూర్చుని ఇరుగు: సముద్రం, పొరుగు: సముద్రం అని ఎక్కించాను. యంత్రం కాసేపు ఆలోచించి, సముద్రం నుంచి గిన్నె వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. ఏం కూర అని అడిగింది. చేపలన్నాను. రుచి చూసినవారి పేరు అడిగింది. ఇక్కడ నాకు నవ్వాగలేదు, వెనకనుంచి కూర్మయ్య గారికి దగ్గాగలేదు. ఎప్పుడొచ్చి నిలబడ్డారో.

"దర్శినిలో అబద్ధం రాయకూడదు నూకరత్నం," అన్నారు. కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా తోచింది.

మార్గశిర శుద్ధ పంచమి

ఈరోజు నగరసభ కూడింది. పేటపెద్దలంతా వచ్చారు. పైడమ్మ కూడా వచ్చింది, నా పడవలోనే.

సభవారు చెడ్డవారని రాయలేను. మెత్తగానే మాట్లాడారు. గవ్వలపేట వాళ్లకు మంచి పేటల్లో చోటు చూస్తామన్నారు. ఒకాయన ఎంతో దయగా, "మనుషులు ముఖ్యం కదమ్మా, తెప్పదేముంది?" అన్నాడు.

పైడమ్మ లేచింది.

"బావూ, నా కోడలు ఒక పేటకి, మనవడు ఒక పేటకి, నాను ఒక పేటకి ఎల్లిపోతే, మమ్మల్ని గవ్వలపేటోళ్లని పిలిసేదెవలు? మేం ములిగిపోనేదు. గాలొచ్చి పోనాది, బతికే ఉన్నాం. బతికున్నోళ్లకి మీరు దినాలు సేత్తారేటి?"

అయినా సభవారు కట్టుబాటు కట్టుబాటేనని తేల్చారు. పౌర్ణమి దాకా గడువు.

పైడమ్మను తిరిగి దిగబెట్టడానికి పడవ తీశాను. నాకు ఒళ్లు మండిపోయింది. పుస్తకం ఊరికోసం పుట్టిందా, ఊరు పుస్తకంకోసం పుట్టిందా? తెడ్డు వేస్తూ ఆ మాటే పైకి అరిచాను. అప్పుడు తట్టింది. పుస్తకంలో ఊరిని మార్చడం కుదరదు సరే. ఊరినే మార్చి పుస్తకంలో రాస్తే ఎవరు కాదంటారు? గవ్వలపేట ఇరుగు దగ్గరికి రాలేకపోతే, ఇరుగే గవ్వలపేట దగ్గరికి వెళ్లాలి.

మార్గశిర శుద్ధ సప్తమి

ఎవరిని అడగాలో తెలుసు. పొద్దున్నే నెత్తళ్లపేట వెళ్లాను.

దానయ్య వల బాగుచేసుకుంటున్నాడు. కట్టిన కట్లు విప్పుకుని, పేటంతటితో పడమటికి జరగాలి మామా అని చెప్పాను. ఊరి అంచునుంచి తెగిపోకుండా వెనక ఇంకో మూడు పేటలు కలిసి రావాలి, అందుకు కూడా నువ్వే మాట్లాడాలి అని చెప్పాను. తిడతాడని ఎదురుచూశాను.

"సన్నజాజిపేటోళ్లతో నానింక ఏగలేనమ్మా," అన్నాడు.

"ఏం చేశారు వాళ్లు?"

"ఏటీ సెయ్యరు! అదే బాద! పొద్దున్నే నెత్తళ్లు ఎండేసి, వాసనొత్తందేటని నానే అడిగినాను. రానేదు మామా, బాగున్నాదన్నారు. తిడితే నవ్వుతారు. మా ఆడోళ్లు అన్నం తింటన్నారు గానీ అరగట్లేదు. పైడమ్మ అయితే ఈపాటికి మూడు తరాలూ తవ్వి పోసును." వల పక్కన పడేశాడు. "ఆల్ల గవ్వల మోత లేకపోతే మా గుంటలకి నిద్దర పట్టట్లేదు. ఎప్పుడు కదలాల?"

నేను కళ్లు తుడుచుకున్నాను. నెత్తళ్ల ఘాటు వల్ల అని చెప్పాను. ఇరవై ఏళ్లుగా అలవాటైన ఘాటు అది, దానయ్య నమ్మలేదు.

మార్గశిర శుద్ధ దశమి

కదిలాయి!

సన్నజాజిపేట అడగ్గానే ఒప్పుకుంది. మెత్తదనం వల్ల ఉపయోగం కూడా ఉంది మరి. కుండలపేట వాళ్లు మాత్రం కుండలు కాల్చే ఆవాలు చెదిరితే ఎవరిది పూచీ అన్నారు, దీపాలపేట వాళ్లు తెరచాపలు మీవే వాడాలన్నారు. అన్నిటికీ ఊఁ కొట్టాను. నాలుగు పేటలు ఒకదాని వెనక ఒకటి, మధ్య బల్లలు ఊడకుండా తాళ్లు బిగించుకుని, పోటు ఎక్కే వేళ చూసి పడమటికి సాగాయి. పోటు ఉన్నంతసేపూ జరగడం, పాటు మొదలవగానే లంగరు వేసి ఆగడం. పొయ్యిల మీద అన్నం ఉడుకుతూనే ఉంది. పెళ్లివారు మేళంతో కదిలినట్టు సన్నజాజిపేట వాళ్లు పాటలు కూడా ఎత్తుకున్నారు. ముందున్న నెత్తళ్లపేట వాళ్లు చెవులు మూసుకున్నారు.

సభలో ఒక్కరికీ చెప్పలేదు. పేట ఎక్కడ కట్టుకోవాలో పేటవాళ్ల ఇష్టం. ఆ కట్టుబాటు కూడా పాతదే.

మార్గశిర శుద్ధ ద్వాదశి

మధ్యాహ్నం పోటుకు నెత్తళ్లపేట వెళ్లి గవ్వలపేటకు ఆనుకుంది. దానయ్యే స్వయంగా బల్ల వేశాడు. వేసి, అవతలి గట్టున పైడమ్మను చూసి, "బతికే ఉన్నావేటి?" అన్నాడు.

"నువ్వొత్తన్నావని గాలే సెప్పింది. ముక్కు మూసుకుని కూకున్నాను," అంది పైడమ్మ.

రెండు పేటల జనమూ అరిచిన అరుపుకు కొంగలు లేచిపోయాయి. అటునుంచి నెత్తళ్ల ఇగురు దాటింది. ఇక ఇటునుంచి గిన్నె రావాలి. పైడమ్మ లోపలికి వెళ్లి ఎంతసేపటికీ రాదు. నేను వెళ్లి చూశాను. తొట్టి వంచి, అడుగున మిగిలిన నీళ్లు గిన్నెలోకి ఒంపుతోంది. పొయ్యి మీద గుల్లల పులుసు.

"అప్పా, తాగడానికి ఉంచుకో. ఏదైనా వేపుడు చెయ్యి చాలు."

"ఇరవయ్యేళ్లలో ఆల్లకి ఏపుడంపినానా? పులుసే పంపాల. ఎన్నడూ లేంది ఇప్పుడు తక్కువ సేత్తానా?"

పులుసు దాటింది. ఆ పేటలో తాగాల్సిన చివరి నీళ్లు ఆ గిన్నెలో ఉన్నాయి. రెండు గిన్నెలూ రుచి చూసి, ఇరుగు: నెత్తళ్లపేట అని రాశాను. అప్పుడు పైడమ్మ నా భుజం మీదనుంచి వంగి చూసి, "మరి పొరుగు?" అంది.

గవ్వలపేటకు అవతలి పక్క ఉత్త సముద్రం. వచ్చిన సంతోషంలో ఎవరమూ ఆ పక్క చూడలేదు. దీపాలపేట వెనక ఇంకే పేటనూ లాగడానికి లేదు. లాగితే ఊరి వలయం తెగిపోయి, ఆ పేటల చిరునామాలు పోతాయి. ఒకదాన్ని కాపాడబోయి పదింటిని చెరపాలి. దానయ్య పేట నీళ్లలో సగం గవ్వలపేటకు పోయమన్నాడు. పైడమ్మ వద్దనలేదు. ఆమె వద్దనకపోవడం నేను ఎన్నడూ చూడలేదు. భయం వేసింది.

మార్గశిర శుద్ధ చతుర్దశి

ఆ పులుసు గిన్నెలో అడుగున కాస్త మిగిలింది. అలాగే పట్టుకుని మూలతెప్పకు వచ్చాను. కూర్మయ్య గారి బల్ల మీద పెట్టాను.

"ఏమిటిది?"

"గవ్వలపేట నీళ్లు. ఆఖరివి. ఇరుగుకు పులుసు పెట్టారు. రుచి చూడండి."

ఆయన గిన్నె దగ్గరికి లాక్కున్నారు. నేనే మాట్లాడాను, ఊరికే ఉండలేను కదా. మాస్టారూ, ఇరుగు పొరుగు అక్కర్లేని తెప్ప ఊళ్లో ఒక్కటే ఉంది, దాన్ని కదిపితే ఎవరి చిరునామా చెడదు, అది ఖాళీ చేసిన చోటును చుట్టూ ఉన్న పేటలు ఒకదానికొకటి కట్టుకుని పూడ్చుకుంటాయి, దాని మీద ఇప్పుడు మీరూ నేనూ నిలబడి ఉన్నాం, అన్నాను. అరవై ఏళ్లుగా ఊళ్లో ప్రతి ఒక్కరి ఇరుగు పొరుగు రాస్తున్నాం, మనం ఎవరికి పొరుగు మాస్టారూ, అని కూడా అన్నాను. గొంతు పెద్దదైంది. కింద పనివాళ్లు తలెత్తి చూశారు.

కూర్మయ్య గారు గిన్నె అంచు వేలితో తుడిచి, ఆ వేలు నాకారు. పెద్దవాళ్ల పద్ధతి అది, మెతుకు వదలరు.

"గొలుసులు తుప్పుపట్టి ఉంటాయి," అన్నారు.

"పడితే?"

"గొలుసు చుట్టే ఇరుసుకు నూనె పొయ్యమను. ఎక్కువ మనుషులు కావాలి." కుర్చీ పట్టుకుని లేచారు. అప్పటికే ముఖం పాలిపోయి ఉంది. "నాకొక బాల్చీ కూడా కావాలి నూకరత్నం. పెద్దది."

నేను ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాను. నా జన్మలో ఏ పెద్ద అధికారికీ పెట్టలేదు.

మార్గశిర పౌర్ణమి

రాస్తున్న చేతికి బొబ్బలున్నాయి. అయినా అంతా రాస్తాను.

పొద్దున్నే కబురు ఊరంతా పాకింది. మూలతెప్ప గొలుసు విప్పుతున్నారని తెలిసి సభవారు పరుగెత్తుకొచ్చారు. మొన్న దయగా మాట్లాడిన పెద్దాయనే గట్టు మీద నిలబడి, "ఊరికి మూలం కదిలిపోతే ఎలా కూర్మయ్యా?" అని అరిచాడు. కూర్మయ్య గారు బాల్చీ మీదనుంచి తలెత్తి, "కదలకూడదని ఎక్కడా లేదండీ! ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అంతే!" అని అంతకంటే గట్టిగా అరిచారు. మళ్లీ బాల్చీలోకి వంగారు. ఆ పెద్దాయన పంచె ఎగ్గట్టి, వచ్చి ఇరుసు పట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, అతనికి బలం బాగానే ఉంది.

గొలుసు కిర్రుమంది, మూలిగింది, చివరికి ఊడింది. గుల్లలు పట్టిన ఆ మహా తెప్ప నీళ్లమీద మొదటిసారి ఒళ్లు విరుచుకుంది. పౌర్ణమి పోటు పడమటికి తోస్తోంది. వలపడవలన్నీ వచ్చి తాళ్లు అందుకున్నాయి. దారిలో ఉన్న పేటలు కట్లు విప్పుకుని పక్కకు తప్పుకున్నాయి. ఎవరినీ పిలవలేదు. మంత్రసానులు, కుండలవాళ్లు, బడిపంతుళ్లు, చేతిలో తెడ్డున్న ప్రతివాళ్లూ వచ్చారు. వెనక మేం వదిలిన చోటును చుట్టూ పేటలు చకచకా కట్టుకుంటుంటే, నా తోటి సంపాదకులు గిన్నెల వెంట పరుగులు పెట్టి తిని, రాసి, మళ్లీ తిన్నారు. నేను తెడ్డు వేస్తూ ఎప్పుడు ఏడ్చానో, ఎప్పుడు పాడానో నాకే గుర్తులేదు.

పోటు నిండే వేళకు మూలతెప్ప గవ్వలపేటకు అవతలి పక్కన ఆనుకుంది. బల్ల వేశాం. అప్పుడు గుర్తొచ్చింది, మా వైపునుంచి గిన్నె దాటాలి. కార్యాలయంలో ఎవరికీ వంట రాదు! అరవై ఏళ్లుగా అందరి కూరలూ తిన్నవాళ్లమే గానీ ఒక్కరికీ ఒక్క ముద్ద పెట్టినవాళ్లం కాదు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, కూర్మయ్య గారు బాల్చీ పక్కన పెట్టి, మూతి కడుక్కుని, చింతపండు, ఉల్లిపాయ, మిరపకాయ తెమ్మన్నారు. పచ్చిపులుసు పిసికారు. పొయ్యితో పనిలేని కూర అదొక్కటే ఆయనకు తెలుసట.

గిన్నె పట్టుకుని బల్ల మీద నడిచారు. ముప్ఫై ఏళ్లకు మూలతెప్ప దాటి కాలు బయటపెట్టిన మొదటి అడుగులు అవి. పైడమ్మ అందుకుని, ఒక చుక్క నాలిక మీద వేసుకుంది.

"సుట్టూ సముద్రమెట్టుకుని ఉప్పు మర్సిపోనావేటి బావూ?" అంది.

కూర్మయ్య గారు నవ్వారు. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు. పైడమ్మ తిరిగి గుల్లల పులుసే ఇచ్చింది, ఈసారి నెత్తళ్లపేట పోసిన నీళ్లతో. రెండూ రుచి చూశాను. నిజంగానే ఉప్పు లేదు. అంత కమ్మటి పచ్చిపులుసు నేను తినలేదు, ఇకముందు తినను కూడా. గవ్వలపేట, ఇరుగు: నెత్తళ్లపేట, పొరుగు: మూలతెప్ప అని ఎక్కించాను. యంత్రం ఏ కూర అని అడిగింది, చెప్పాను. ఎవరు రుచి చూశారని అడిగింది. నా పేరు రాశాను, గర్వంగా. కూర్మయ్య గారు ముద్ర వేశారు.

పలకలు ఒక్కసారి నల్లబడ్డాయి. గవ్వలపేటలో జనమంతా పైడమ్మ ఇంటి గోడ ముందు గుమికూడారు. పాతది చెరిగింది. కొత్తది పైనుంచి తేలడం మొదలైంది. దర్శిని ఎప్పుడూ మూలతెప్పతో మొదలవుతుంది, ఆ వెంటనే మూలతెప్పకు ఆనుకున్న పేట వస్తుంది, అక్కడినుంచి వరస. ఆ సంగతి రోజూ చూసే నాకే తట్టలేదు. పలక మీద మొట్టమొదటి పేట పేరు గవ్వలపేట అని వెలిగింది. అక్కడే కాదు. ఊళ్లో ప్రతి ఇంట్లో, ఆసుపత్రిలో, బడిలో, సభవారి గదిలో, ఎవరు పలక చూసినా ముందు చదవాల్సిన పేరు అదే.

నీళ్లపడవలకు కూడా అదే వరస. ఎర్రదీపాలు పెట్టుకుని, ఒకదాని వెనక ఒకటి, పేటలన్నిటినీ దాటుకుంటూ నేరుగా గవ్వలపేటకే వస్తున్నాయి. పిల్లలు బిందెలు వాయించారు. నెత్తళ్లపేట గట్టు మీద దానయ్య గంతులేస్తూ అరిచాడు.

"ఇదేటి నాయం? ముందు మీకా? ముందొచ్చింది మేవు, ముందు నీల్లు మీకా?"

పైడమ్మ నిండు బిందె చంకనెత్తుకుని, తడిసిన చీరతో, ఊరంతా వినపడేలా నవ్వింది.

"అవును మరి! దర్శినిలో సూసుకో!"